మా అడ్రసు లారీ ఎక్కిన రోజు

మామూలు మనిషి ఇల్లు మారితే పాలవాడికి చెబుతాడు, గ్యాసు వాళ్లకు చెబుతాడు. మా భాభీ ఇల్లు మారితే భారత ప్రభుత్వానికి చెప్పాలి. మా వంశంలో ఇంతటి గౌరవం ఇంతకు ముందు ఎవరికీ దక్కలేదు. భాభీ పేరు రత్న, సొంత ఊరు ఇండోనేషియాలోని జావా. మా అన్న కువైట్‌లో క్రేన్ నడిపే రోజుల్లో, అక్కడే కుట్టుపని చేస్తున్న ఈమెను నిఖా చేసుకుని నంద్యాలకు తెచ్చాడు. ఈ మధ్య ఆళ్లగడ్డలో శిల్పాలు ఎత్తే హైడ్రా క్రేన్ మీద అన్నకు పని దొరకడంతో ఇద్దరూ అక్కడికి మకాం మార్చారు. కొత్త అడ్రసు పోలీసు రికార్డుల్లోకి ఎక్కితేనే వీసా పొడిగిస్తారు. వీసా పొడిగిస్తేనే భాభీ తన చెల్లెలి పెళ్లికి జావా వెళ్లి, మళ్లీ మా దగ్గరికి రాగలదు. గడువు దగ్గరపడింది. అన్నకు సెలవు లేదు. డిగ్రీ పాసై, దేశసేవకు ఎదురుచూస్తున్న నన్ను తోడు పంపారు.

ఆన్‌లైన్ దరఖాస్తు ముందే నింపాం. నింపింది నేనే. కొత్తగా కట్టిన ఇంటికి ఇంకా డోర్ నంబరు రాలేదు కాబట్టి, గుర్తు అని ఉన్న చోట ‘పెద్ద ఆంజనేయస్వామి శిలావిగ్రహం ఎదురుగా’ అని అచ్చ తెలుగు ఠీవితో రాశాను. ఆళ్లగడ్డ వెళ్లినవాళ్లకు తెలుసు, అక్కడ రోడ్డు పొడవునా శిల్పుల షెడ్లే. అన్నవాళ్ల వీధి మొదట్లో పన్నెండడుగుల ఆంజనేయుడు నిలబడి ఉండేవాడు. అంతకు మించిన గుర్తు ఆ వీధికి లేదు.

భాభీ ముందు రోజే మా ఇంటికి వచ్చింది, పొద్దున పదిన్నరకు నంద్యాలలో జిల్లా పోలీసు కార్యాలయానికి చేరాం. పాస్‌పోర్టు, వీసా, అద్దె ఒప్పందం, ఫోటోలు, దరఖాస్తు ప్రింటు ఉంటే చాలు, ఒరిజినల్స్ మాత్రం మరవొద్దు. అక్కడి అధికారి మర్యాదగా కూర్చోబెట్టి అన్నీ చూశాడు. పేరు రత్న, మతం ఇస్లాం, దేశం ఇండోనేషియా అని చదివి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ చదివాడు. మా పక్క ఇది మామూలు పేరే సార్ అని భాభీ సీమ తెలుగులోనే సర్దిచెప్పింది. కాగితాలు బాగున్నాయనీ, మధ్యాహ్నం ఆళ్లగడ్డలో కానిస్టేబుల్ ఇంటికొచ్చి విచారిస్తాడనీ, ఇంట్లో ఉండమనీ చెప్పాడు. బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాం. భాభీ తన సంచిలోంచి చెనిక్కాయల, అంటే వేరుశనగల, చట్నీ డబ్బా తీసి ఉగ్గాని మీద కూడా వేసుకుంది. జావాలో అన్నిటికీ అదేనట. ఈ మనిషి సీమలో పుట్టవలసింది, చిరునామా తప్పి అక్కడ పుట్టింది.

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సులకు కొదవ లేదు. ప్రయాణం గంట పైచిలుకు, టికెట్ డెబ్బై రూపాయల లోపే. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి కండక్టర్ భాభీని ఆధార్ అడిగాడు. అది ఇంకా రాలేదు. పాస్‌పోర్టు ఇస్తే అటూ ఇటూ తిప్పి, “దీనికి ఫ్రీ రాదు గదమ్మా,” అన్నాడు పాపం, తనదే తప్పన్నట్టు.

“టికెట్ కొట్టన్నా,” అంది భాభీ. ఆ బస్సులో టికెట్ కొన్న ఏకైక మహిళగా ఆమె కిటికీ పక్కన కూర్చున్న తీరు చూస్తే, బస్సు కూడా ఆమే కొన్నదనుకుంటారు.

శిరివెళ్ల దాటుతుండగా కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. “ఆంజనేయస్వామి ఎదురుగా అని రాసినారు. రెండు తూర్లు తిరిగినా. ఈడ నందులుండాయి, వినాయకుడుండాడు. ఆంజనేయుడు యాడప్పా?”

ఫారిన్ ఆమె ఎవరైనా ఉన్నారా అని వీధిలో అడిగితే అలాంటివాళ్లెవరూ లేరన్నారట. తనకు బందోబస్తు డ్యూటీ ఉందనీ, కాసేపు చూసి ‘ఈ అడ్రసులో లేరు’ అని రాసి పోతాననీ చెప్పి పెట్టేశాడు. ఆ మూడు మాటలు రాస్తే మళ్లీ మొదటి నుంచి మొదలు. అంతలో వీసా గడువు పోతుంది, చెల్లెలి పెళ్లీ పోతుంది. భాభీ చట్నీ డబ్బా మూత తీస్తూ, పెడుతూ ఉంది.

నేను అన్నకు ఫోన్ చేసి ఆంజనేయుడు ఏమయ్యాడని అడిగాను.

“పొద్దన్నే నేనే ఎత్తినా కదరా. బళ్లారి పోతాండాడు,” అన్నాడు అన్న. “ఎంత నున్నగా ఎక్కిచ్చినా తెలుసా, తోకకు గీత గూడా పడలే.”

కట్టుకున్న భార్య అడ్రసును సొంత చేతులతో లారీ ఎక్కించిన మొగుడు చరిత్రలో ఇంకొకడు ఉండడు. వెంటనే పోయి ఆ ఖాళీ స్థలంలో తననే నిలబడమన్నాను. ఊరి అవతలి చివర నుంచి హైడ్రా వేసుకుని బయల్దేరాడు. హైడ్రా వేగం తెలిసినవాళ్లకు మా పరిస్థితి అర్థమవుతుంది.

ఆళ్లగడ్డలో దిగి, యాభై రూపాయలకు ఆటో మాట్లాడుకుని వీధిలోకి వెళ్లేసరికి కానిస్టేబుల్ హెల్మెట్ పెట్టుకుంటున్నాడు. ఎదురుగా శిల్పాల షెడ్డు ముందు లక్ష్మక్క నిలబడి ఉంది. వెళ్లిపోయిన ఆంజనేయుడు ఆమె భర్త చెక్కినవాడే. భాభీ ఆటో దిగుతూనే కానిస్టేబుల్ ముందుకు వెళ్లి, “నేనే సార్ రత్న,” అంది.

లక్ష్మక్క బిత్తరపోయింది. “రత్నమ్మ కోసమా ఇంతసేపూ తిరుగుతాండావు? ఫారినామె అంటివి గదప్పా.”

ఈమె నిజంగా ఈడ ఉంటోందా అని కానిస్టేబుల్ అడిగాడు. లక్ష్మక్క నడుం మీద చెయ్యి వేసుకుంది. ఆ క్షణంలో మా భవిష్యత్తు మొత్తం ఆ మోచేతి మీద ఆని ఉంది.

“ఉండకుండా? వచ్చి పట్టుమని పది దినాలు గాలే, కుళాయి కాడ నా ముందర బిందె పెట్టింది. నాకంటే ముందు నీళ్లు పట్టుకుంటాది సార్. ఈడుండే మనిషి గాకపోతే నేను ఊరుకుంటానా?”

“నువ్వు లేటుగా వస్తావు గదక్కా,” అంది భాభీ.

“సూడు, నోరు గూడా ఈడిదే.”

కానిస్టేబుల్ నవ్వు ఆపుకుంటూ ఆ వాంగ్మూలం రాసుకున్నాడు. లక్ష్మక్క సంతకం పెట్టింది, పక్కింటాయన ఇంకోటి పెట్టాడు. కుళాయి తగాదా నివాస ధ్రువీకరణగా చెల్లడం నా చదువులో ఎక్కడా లేదు. అంతా అయ్యాక మా అన్న హైడ్రా మీద గంభీరంగా ప్రవేశించాడు.

తర్వాత కొత్త అడ్రసు రికార్డుకెక్కింది, వీసా పొడిగించారు, భాభీ చెల్లెలి పెళ్లికి వెళ్లి, చెనిక్కాయల చట్నీ దొరికినంత సంతోషంగా తిరిగొచ్చింది. ఆమెను ఆళ్లగడ్డ ఇంట్లో దింపడానికి వెళ్లిన రోజు లక్ష్మక్క ఫోన్‌లో ఎవరో లారీ డ్రైవర్‌కు దారి చెబుతోంది. “నంది కోసమా? వీధిలోకి వచ్చి రత్నమ్మ ఇల్లు యాడని అడుగు, ఎవురైనా చూపిస్తారు. దాని ఎదురుగానే మా షెడ్డు.” నేను వీధి మధ్యలో ఆగిపోయాను. ప్రభుత్వం ఒప్పుకోవడానికి ముద్రలు కావాలి, విచారణ కావాలి. ఈ వీధికి ఒక బిందె చాలింది. భాభీ వినలేదు, బ్యాగులు లోపల పెట్టి అప్పటికే బిందె తీసుకుని కుళాయి వైపు నడుస్తోంది. నాకు మాత్రం ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఈ పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క మాట. దరఖాస్తులో గుర్తు రాసేముందు, అది అమ్మకానికి ఉందేమో కనుక్కోండి. మాకిక ఆ బెంగ లేదు. మా వీధి గుర్తును ఎత్తగల హైడ్రా ఇంకా తయారు కాలేదు. (భాభీ, ఇది బరువు గురించి కాదు.)