ఓవెన్ తలుపు దగ్గర వెర్లా

బడి వంటశాలలో ముప్పై ఏళ్లు వండిన వెర్లా థాంక్స్‌గివింగ్ టర్కీ కోడిని పండగ ముందురోజే కాలుస్తుంది. చల్లారాక ముక్కలు కోసి, ఎముకలు మరిగించిన రసం పోసి, పైన అల్యూమినియం రేకు బిగించి ఫ్రిజ్‌లో పెడుతుంది. మర్నాడు ఓవెన్‌లో సన్నసెగన వేడిచేస్తుంది. అంతవరకూ రేకు ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఈసారి వియ్యపురాలు మార్జరీ వచ్చింది. మాంసం ఎండిపోతే వచ్చే ఏటినుంచి పండగ తన ఇంట్లోనే చేసుకుందామని ఆవిడ అంటే, వెర్లా కూతురు ఒప్పేసుకుంది. “నిన్నటి కోడా వదినగారూ? మా ఇంట్లో కుక్కకి పెడతాం,” అంటూ మార్జరీ ఓవెన్ తలుపు పట్టుకుంది. “రేకు కాస్త ఎత్తి చూస్తే అరిగిపోతుందా?”

“ఆవిరి పోతుంది. చెయ్యి తియ్యండి,” అని వెర్లా తలుపుకి అడ్డంగా నిలబడింది. ఇరవై నిమిషాలు ఆమె కదల్లేదు, మెడ మీద చెమట కూడా తుడుచుకోలేదు. తరువాత రేకులోంచి థర్మామీటర్ గుచ్చి, నూట అరవై ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ చూసి, లోపలిదాకా వేడెక్కిందని పళ్లెం బల్ల మీదికి తెచ్చింది. అందరూ వడ్డించుకున్నారు. గ్రేవీ గిన్నె చేతులు మారుతూ మార్జరీ దాకా వచ్చింది. ఎండిన మాంసం గొంతు దిగాలంటే అదే దిక్కు. ఆవిడ అప్పటికే రెండో ముక్క నములుతోంది. గిన్నెలోంచి చుక్కైనా పోసుకోకుండా పక్కవాళ్లకి అందించి, “వచ్చే ఏడాది మమ్మల్ని ఎన్నింటికి రమ్మంటారు?” అంది.