రెండో పెట్టె

రోసెండా ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో అనే ఊరి చేపల బజారులో పదమూడేళ్ళు తరాజు పట్టిన మనిషి. బేరమాడేవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మంట. అంతటి మనిషి ఇప్పుడు ఆరేళ్ళ కొడుకు అమియెల్‌ని వెంటబెట్టుకుని, కెనడాలో వెల్డింగ్ పని చేస్తున్న నీలో అనే తన మొగుడి దగ్గరికి కాపురానికి బయల్దేరింది. ఇద్దరికీ కలిపి రెండు పెట్టెలు, పెట్టెకు ఇరవైమూడు కిలోలు. అంతకు మించి ఒక్క గ్రాము ఎక్కనివ్వరు.

మొదటి పెట్టెలో చలిబట్టలు, మందులు సర్దింది. జనన పత్రం, టీకాల చీటీ, డాక్టరు ఉత్తరం చేతిసంచిలో పెట్టుకుంది. రెండోది కుర్చీ కోసం ఖాళీగా ఉంచింది. అమియెల్‌కి నడుము నిలవదు, ఆసరా లేనిదే కూర్చోలేడు. వాడి కొలతలకు వడ్రంగి చేసిన ఆ కుర్చీ వచ్చి నెల కాలేదు. చక్రాలు లేవు కాబట్టి అదీ సామాను కిందే లెక్క అని విమానంవాళ్ళు తేల్చేశారు.

బజారులో చివరి బేరం ముగించుకుని వచ్చేసరికి ఆ పెట్టె నిండిపోయి ఉంది. ఎండుచేపలు, రొయ్యల ముద్ద సీసాలు, బిస్కట్లు, ఒక్కోదాని మీద ఒక్కో పేరు. విమానమెక్కేవాళ్ళ చేతికి, ఆ దేశంలో ఉన్న తమవాళ్ళకని తలా ఒక మూట ఇవ్వడం పేటలో ఆనవాయితీ. కాదన్నవాళ్ళు గర్విష్ఠులు. సర్దింది ఆడబిడ్డ పాసింగ్.

రోసెండా మూటలు బయటికి తీయడం మొదలుపెట్టింది.

"ఏంటే అది? ఇంకా గుమ్మం దాటనే లేదు, అప్పుడే కళ్ళు నెత్తికెక్కాయా?" అంది పాసింగ్.

"నెత్తికి కాదు వదినా, తరాజు మీదికి ఎక్కాయి. కుర్చీ పద్నాలుగు కిలోలు. మీ చేపలు ఇరవై. రెండూ పట్టవు."

"మా తమ్ముడితోనే చెప్పిస్తానుండు" అని పాసింగ్ ఫోను కలిపి రోసెండా చేతికిచ్చింది.

నీలో నసిగాడు. "అక్క మాట తీసెయ్యకే. కుర్చీ ఇక్కడ కూడా ఇస్తారుగా."

"ఎప్పుడిస్తారు?"

"వంతు రావాలి. ఎనిమిది నెలలు పట్టచ్చు."

"అయితే ఆ ఎనిమిది నెలలు నువ్వు వెల్లకిలా పడుకో. పడుకునే ఎండుచేప తిను. గొంతులో ఇరుక్కోకపోతే అప్పుడు మాట్లాడదాం."

"సరే, కుర్చీయే తీసుకురా" అన్నాడు నీలో.

పాసింగ్ మూటలన్నీ ఎత్తుకుపోయింది. ఆ కబురు పొద్దుగూకేలోపు పేటంతా తిరిగింది. మర్నాడు సాగనంపడానికని మాట్లాడిన జీప్నీ, బెంచీలున్న పొడుగాటి అద్దెబండి, ఇరవైమందికి సరిపోయేది. ఒక్కరూ రాలేదు. రోసెండా కన్ను తడవనివ్వలేదు.

"ఇద్దరేనా? మిగతావాళ్ళేరమ్మా?" అన్నాడు డ్రైవరు.

"వాళ్ళ మూటలు దిగాయి, వాళ్ళూ దిగారు. పోనియ్."

కుర్చీని పెట్టెలో పెట్టడం విమానాశ్రయంలో చూసుకోవచ్చని, ఖాళీ బెంచీల మధ్య దాన్ని వేసి తాళ్ళతో బిగించి, అందులో కొడుకును కూర్చోబెట్టింది. ఇన్నాళ్ళూ వాడు బండెక్కితే తల్లి ఒళ్ళో వెల్లకిలా పడుకుని పైకప్పు చూడటమే. జీప్నీ సముద్రం పక్క రోడ్డెక్కింది.

"అమ్మా, సముద్రం మనింటికి ఇంత దగ్గరా?" అన్నాడు అమియెల్.

రోసెండా డ్రైవరు భుజం తట్టింది. "కాస్త నెమ్మదిగా పోనియ్ అన్నా. వీడు చూస్తున్నాడు."