పన్నెండో పేజీ

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నిజానికి రెండు. మొదటిది పొగరుతో ఆడాను, రెండోది తెలిసే ఆడాను. అమ్మకు చెప్పలేదు. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా ఆ మాట నా పెదవి దాటలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. అదీ పిరికితనమే అనుకోండి.

అప్పుడు వరంగల్‌లో ఎల్‌ఎల్‌ఎం చదువుతున్నాను. కార్పొరేట్ లా. మా వీధిలో అంత చదువు నా ఒక్కదానిదే. ఆ సంగతి నేను మరిచిపోయేదాన్ని కాదు, ఎవరినీ మరిచిపోనిచ్చేదాన్నీ కాదు. ఎదురింటి మొగిలి కాక జంపఖానాలు నేసేవాడు. ఆయన, ఆయన దోస్తు కొమురయ్య, ఇంకో ఆరుగురు నేతగాళ్లు కలిసి, సరుకు తామే అమ్ముకునేందుకు చిన్న కంపెనీ పెట్టుకోవాలనుకున్నారు. కంపెనీ నియమాలు ఆడిటర్ ఇంగ్లీషులో రాసిచ్చాడు. పద్దెనిమిది పేజీలు. వాటి జిరాక్స్ ఒకటి కాక ఎక్స్‌రే కవర్లో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు.

"జర చదివి చెప్పు బిడ్డా. నువ్వు సరే అంటేనే సంతకాలు పెడ్తం."

ఆ వారం నాకు సెమినార్ ఉంది. విషయం చెబితే నవ్వుతారు: చిన్న వాటాదారుల హక్కులు. ఎప్పటివో లండన్ తీర్పులు గీతలు గీసుకుంటూ చదివాను. కాక కాగితాలు మూడు పేజీలు చదివి పక్కన పెట్టాను. తీరిక లేకనా? సాయంత్రాలు సీరియల్ చూసేంత తీరిక ఉంది. అసలు భయం వేరు. కంపెనీ నియమాల గురించి తరగతిలో వినడమే తప్ప, నిజమైనవి అప్పటిదాకా చేత్తో పట్టుకోలేదు. చదివాక అర్థం కాకపోతే? ఇంత చదివీ నాకు తెలియదని ఆయనకు ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకే చదవడం మానేశాను. నాలుగో రోజు కాక వస్తే మొత్తం చదివానని, అన్నీ మామూలేనని చెప్పాను. బిడ్డ చదివింది, ఇక ఫికర్ లేదని ఆయన వీధంతా చెప్పుకున్నాడు. ఎనిమిది మందీ సంతకాలు పెట్టారు.

రెండేళ్లకు కాకకు కంటి ఆపరేషన్ అయింది. అది వికటించింది. మగ్గం మీద కూర్చోలేకపోయాడు. ఏడో నెలలో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది: ఆరు నెలలు సరుకు ఇవ్వని సభ్యుడు, కారణం ఏదైనా సరే, తన వాటా మిగతావాళ్లకు వదిలేయాలి. పన్నెండో పేజీ నియమం. తను మొదలుపెట్టిన కంపెనీలో ఇక తను లేడు.

ఆ ఉత్తరం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. లోపలికి వెళ్లి అల్మారాలోంచి పాత జిరాక్స్ తీశాను. పన్నెండో పేజీ చూశాను. ఉంది. పదో తరగతి పిల్లకైనా అర్థమయ్యే ఇంగ్లీషు. అల్మారా మూసి బయటికి వచ్చాను.

"ఇది నువ్వు చదివిననాడు లేకుండె గదా బిడ్డా?"

ఆయన చేతిలోని ఉత్తరం తీసుకుని మళ్లీ మడతపెట్టాను.

"ఉంటే నువ్వు చెప్పకుంట ఉంటవా? సంతకాలప్పుడు కాయితాలన్నీ కొమురయ్య తాన ఉండె. వాడే ఇది కలిపిండు."

"ఏమో కాకా... అయ్యుండొచ్చు."

అంతే అన్నాను. ఒక్క చాయ్‌ని రెండు కప్పుల్లో పోసుకుని ముప్పై ఏళ్లు కలిసి తాగిన మనుషులు ఆ రోజు నుంచి మాట్లాడుకోలేదు. కొమురయ్య ప్రమాణం చేస్తానన్నాడు. చదివిన పిల్లనే అడుగుదాం రమ్మని నలుగురిలో పిలిచాడట. ఆ రోజు నేను హన్మకొండలో పిన్ని ఇంటికి పోయి కూర్చున్నాను. ఒక్క మాట చెబితే తీరిపోయే గొడవ. ఆ మాట చెబితే కాక నన్ను ఏ కళ్లతో చూస్తాడు? నా భయమంతా అదే. వాళ్ల దోస్తీ ఏమైపోతుందని ఒక్కసారైనా అనుకున్నానా? లేదు.

ఇప్పుడు నేను లా కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏటా అలాంటి నియమాల దగ్గరికి రాగానే, చదవకుండా సంతకం పెట్టిన ఒక నేతగాడి కథ చెబుతాను. మొన్న ఒక అమ్మాయి లేచి, ఎవరితోనైనా చదివించుకోవాల్సింది కదా మేడం అంది. అవును, చదివించుకోవాల్సింది అన్నాను. బోర్డు వైపు తిరిగి అన్నాను. అబద్ధాలు రెండని మొదట్లో చెప్పాను కదా, అదీ తప్పే.

పోయిన నెల కొమురయ్య చనిపోయాడు. శవం మా వీధిలోంచే పోయింది. డప్పులు వినపడగానే మొగిలి కాక తలుపు వేసుకున్నాడు. నేను గేటు దగ్గర నిలబడి చూశాను. సాయంత్రం ఆయనే గోడ పట్టుకుని మెల్లగా మా ఇంటికి వచ్చాడు. ఏదైనా నన్నే అడగడం ఆయనకు అలవాటు.

"పోవాల్సుండెనా బిడ్డా?"

నేను మంచినీళ్లు తెస్తానని లోపలికి వెళ్లాను.

ఇది రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకూ సిగ్గుగా ఉంది. ఆయనకింకా చెప్పలేదు. చెబుతానో లేదో కూడా తెలియదు. ఆ జిరాక్స్ నా అల్మారాలోనే ఉంది. మూడో పేజీ దాకా నా పెన్సిలు గీతలున్నాయి, ఆ తర్వాత లేవు. కొమురయ్య ఏదీ కలపలేదు. నేను చదవలేదు.