పూర్తి హాజరు

నిన్న బుధవారం ఉదయం ఏడుంబావుకి రావులపాలెం వెళ్ళే బస్సు మా వీధి మొగలో ఆగింది. ఎక్కేవాళ్ళెవరూ లేరు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, మా ఇంటివైపు కాసేపు చూసి, వెళ్ళిపోయాడు. మధ్యలో అతన్ని వేరే రూటుకి మార్చారు, మళ్ళీ ఈమధ్యే ఇటు వచ్చాడు. ఈలోగా జరిగింది అతనికి తెలియదు. నేను గుమ్మంలోనే ఉన్నాను, వెళ్ళి చెప్పవచ్చు. చెప్పలేదు.

ఆ బస్సు మా తోడికోడలి కోసం ఆగేది. ఆవిడది శ్రీలంక. కువైట్‌లో మా మరిది డ్రైవరుగా ఉన్న ఇంట్లోనే వంట చేసేది. అక్కడే ఒకరినొకరు ఇష్టపడ్డారు, ఇక్కడికొచ్చి పెళ్ళి చేసుకున్నారు. మా అత్తయ్యగారు మొదట్లో కొత్త కోడలితో మాట్లాడేవారు కాదు. ఒకరోజు ఆ అమ్మాయి పెరట్లో కొబ్బరికాయ ఒక్క దెబ్బకి రెండు చెక్కలు చేసి, కోరాం ముందు కూర్చుని చకచకా కోరడం చూసి, "చెయ్యి మనూరిదే, వంటే కాదు" అన్నారు. అదే వాళ్ళ మధ్య రాజీ. కోరిన కొబ్బరిలో ఎండుమిరపకాయలు, పచ్చి ఉల్లిపాయ వేసి నూరి, నిమ్మకాయ పిండి, అలాగే పెట్టేసేది. "పోపు లేని పచ్చడేంటమ్మా, మేమేమన్నా బాలింతలమా?" అనేవారు అత్తయ్యగారు, రెండోసారి వడ్డించుకుంటూ. తెలుగు కువైట్‌లోనే మనవాళ్ళ దగ్గర నేర్చుకుందేమో, మా కుక్కని కూడా "ఇటు రండి" అని పిలిచేది.

పెళ్ళయితే చాలు, ఇక మన మనిషేనని మేమంతా అనుకున్నాం. ఇంటిపేరు మారింది, వ్రతంలో మా గోత్రం చెప్పించారు, రేషను కార్డులో పేరెక్కింది. పెళ్ళితో ఆడపిల్ల అత్తవారి మనిషైపోతుందన్నది మాకెంత అలవాటైన మాటంటే, వీసాకి గడువుంటుందన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. పెద్ద చదువులు చదివామనుకునే మా ఆయనకీ, బడిలో పాఠాలు చెప్పిన నాకూ కూడా. శ్రీలంకలో వాళ్ళమ్మకి పక్షవాతం వచ్చిందని తెలిసి ఆవిడ బయలుదేరితే, వీసా గడువు దాటిందని ఎయిర్‌పోర్టులో ఆపేశారు. పాస్‌పోర్టు తీసుకున్నారు, కేసు పెట్టారు. అది తేలేదాకా దేశం దాటకూడదు. అక్కడ తల్లి మంచంలో ఉంది. ఆ తల్లి బతికుండగా తేలాలి. మా తోడికోడలు కోరుకున్నది అదొక్కటే.

మా మరిది సెలవు అయిపోయి మళ్ళీ కువైట్ వెళ్ళాడు. ఏ కేసూ లేనివాడు కాబట్టి వెళ్ళగలిగాడు. వాయిదాలు బుధవారాలే, తోడు నేను. రావులపాలెంలో దిగి, అరటి మార్కెట్లో గెలల మధ్య నుంచి నడిచి, ఇంకో బస్సెక్కి కోర్టుకి చేరేవాళ్ళం. టిఫిన్ గిన్నెలో పెరుగన్నం, మూతలో పోపు లేని పచ్చడి. నేను పుస్తకం పట్టుకెళ్ళేదాన్ని. ఆవిడ ఏమీ తెచ్చుకునేది కాదు. చూపంతా హాలు గుమ్మం మీదే. పిలిచినప్పుడు పలకకపోతే వారంటు వస్తుందని ప్లీడరు గారు మొదటిరోజే చెప్పారు. పిలిచే బంట్రోతు మారినప్పుడల్లా ఆ పొడుగాటి సింహళం పేరుతో అవస్థపడి, చివరికి "శ్రీలంక అమ్మగారండీ!" అని కేకేసేవాడు. వరండాలో పొలం తగాదాల వాళ్ళు కూడా "ఎల్లండమ్మా, పిలుత్తున్నారు" అని దారిచ్చేవారు. లోపలికి వెళ్ళి, చేతులు కట్టుకుని నిలబడి, బయటికి వచ్చేది. ఒకసారి సాక్షి రాలేదు. సాక్షంటే కేసు రాసిన ఇన్‌స్పెక్టరే, బదిలీ అయి ఎక్కడో ఉన్నాడు. ఇంకోసారి జడ్జిగారు సెలవు. మరోసారి జడ్జిగారే మారిపోయారు, కొత్తాయన మొదటినుంచి చూడాలి. రావలసిన వాళ్ళందరిలో తప్పకుండా వచ్చింది ఆవిడొక్కతే.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అడిగింది. "అక్కా, మీ బడిలో రోజూ వచ్చిన పిల్లలకి ఏమన్నా ఇచ్చేవారా?"

"స్టీలు గ్లాసు ఇచ్చేవాళ్ళం, పూర్తి హాజరుంటే."

"జ్వరమొచ్చి ఒక్కరోజు మానేస్తే?"

"లేదు. పూర్తి అంటే పూర్తే."

తలూపింది. తర్వాత నాకర్థమైంది, ఆవిడ కేసు గురించి కట్టుకున్న నమ్మకమంతా అదేనని. ఒక్క వాయిదా తప్పలేదని కాగితాల్లో ఉంటుంది, ఎవరో ఒక జడ్జిగారు వెనక్కి తిప్పి చూస్తారు, ఇంత బుద్ధిగా వచ్చిన మనిషిని నమ్మవచ్చు అనుకుంటారు. అలా ఎవరూ వెనక్కి తిప్పరని ప్లీడరు గారికి తెలుసు. నాకూ కొంత తెలుసు. చలిజ్వరంతో కూడా శాలువా కప్పుకుని వచ్చేది.

వాళ్ళమ్మ పోయిన కబురు మంగళవారం వచ్చింది. ఖననం మర్నాడు పొద్దున్న, తమ్ముడు ఫోన్లో చూపిస్తానన్నాడు. మర్నాడే వాయిదా. ప్లీడరు గారు పాపం ఆయనే ఫోన్ చేశారు. "పిటిషన్ వేస్తానమ్మా, ఈ ఒక్కసారికి మీరు రాకపోయినా ఏం కాదండి."

"రాలేదని రాస్తారు కదండీ?"

"రాస్తారనుకోండి. కారణం కూడా రాస్తారు."

"వస్తానండి."

"చాల్లే, ఇవాళేంటే కోర్టు, తల్లి కంటే ఎక్కువా?" అని పొద్దున్నే అత్తయ్యగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. "అమ్మ కోసమే కదండీ అత్తయ్యా ఇన్నాళ్ళూ వెళ్ళింది. ఇప్పుడు చెడగొట్టుకోమంటారా?" అంది. అందులో అర్థం లేదు. అత్తయ్యగారు గుమ్మం వదిలి పక్కకి జరిగారు. బస్సు హారన్ కొట్టింది, వెళ్ళాం. హాల్లో ఫోన్లు కట్టెయ్యాలి. ఎప్పుడు పిలుస్తారో తెలియదు, గుమ్మం వదలడానికి లేదు. మధ్యాహ్నం దాటాక పిలిచారు. సాక్షి రాలేదు. వచ్చే నెలకి వేశారు. బయటికొచ్చి ఫోన్ తెరిస్తే, మట్టి కప్పేసి పూలు పెట్టిన ఫోటో ఒకటి ఉంది. చాలాసేపు చూసి ఫోన్ నాకిచ్చింది. "గ్లాసు కూడా ఇవ్వరేమో అక్కా" అంది. నవ్వాలనే అంది. ఇద్దరం నవ్వలేకపోయాం. టిఫిన్ గిన్నె తెరవకుండానే ఇంటికి తెచ్చాం.

ఆ తర్వాత కూడా ఒక్క వాయిదా తప్పలేదు. పోయిన వానాకాలం కిడ్నీలు పాడయ్యాయి. రాజమండ్రి ఆసుపత్రిలో మందుల మత్తులో కూడా "బుధవారమేనా అక్కా?" అని అడిగేది. మా మరిది వచ్చేసరికి మాట పోయింది.

మరణ ధ్రువపత్రం పట్టుకుని చివరిసారి నేనొక్కదాన్నే వెళ్ళాను. బంట్రోతు మూడుసార్లు పిలిచాడు. ఈసారి పేరు తడుముకోకుండా, సరిగ్గా పిలిచాడు. ప్లీడరు గారు లేచి కాగితం అందించారు. జడ్జిగారు తలెత్తి నన్ను చూసి, ఒక వాక్యం రాసి, కట్ట పక్కన పెట్టారు. అన్నేళ్ళలో ఏ రోజూ అంత తొందరగా తెమలలేదు. పాస్‌పోర్టు కావాలంటే అర్జీ పెట్టుకోమన్నారు. ఎవరూ పెట్టలేదు.

నిన్న బస్సు వెళ్ళాక వంటింట్లోకి వచ్చాను. అత్తయ్యగారు కొబ్బరి పచ్చడిలోకి పోపు వేయిస్తున్నారు. మా ఇంట్లో ఇప్పుడు పోపు లేని పచ్చడి చెయ్యడం లేదు.