గులాబీ చీటీ మీద ఆకుపచ్చ అంచు

ఆషాఢ అమావాస్య, గురువారం, పొద్దున పది గంటల పది నిమిషాలకు నా మేస్త్రితనం బట్టబయలైంది. (గడియారం చూడటం అప్పటికే వచ్చు. రానిది అక్షరాలే.) ఆ రోజుల్లో ఎమ్మిగనూరులో మా మగ్గాల షెడ్డుకు కాగితంతో పనే ఉండేది కాదు. ఏ చీరకు ఏ రంగో చెప్పాలంటే ఆ రంగు నూలుపోగు ఒకటి మగ్గం పక్కన మేకుకు కట్టేవాళ్లం. పోగు చూడటం, నూలుకు రంగు వేయడం, నేయడం, అంతే. నాకప్పుడు యాభై ఎనిమిదేళ్లు, అయినా పడుచువాణ్ననే అనుకునేవాణ్ని. చదువు రాదన్న సంగతి కప్పిపుచ్చుకోవడానికి చొక్కా జేబులో ఒక పెన్ను పెట్టుకుని తిరిగేవాణ్ని. పెన్నున్న మేస్త్రిని ‘ఇది చదువు’ అని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదని నా నమ్మకం. ముప్పై ఏళ్లు ఆ నమ్మకం మీదే బతికాను.

ఆ ఏడు పని బాగా తగ్గింది. ఆదోని బట్టల షాపాయన ఒక్కడే చీరలకు ఆర్డరు ఇచ్చాడు. “ఇది చెడిందంటే మూడు మగ్గాలూ పీకేసి షెడ్డు పత్తి బేళ్లకు బాడుగకిస్తా” అని మా సావుకారి తేల్చి చెప్పేశాడు. అప్పుడే ఆయన కూతురు దిగింది. బెంగుళూరులో కంప్యూటరు కంపెనీల జట్లకు అజైల్ అనే పని పద్ధతి నేర్పడం ఆమె ఉద్యోగం. మేమంతా బెంగుళూరు పాప అనేవాళ్లం. “నాయనా, ఈ ఆర్డరు అయ్యేదాకా నువ్వు షెడ్డులో అడుగుపెట్టొద్దు. వీళ్లకు నేను నేర్పిస్తా” అంది. ఆయన సరేనన్నాడు. (కూతురంటే ఆయనకు భయం.)

గోడకు పెద్ద అట్ట కొట్టింది. దాని మీద మూడు గళ్లు గీసింది: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో రంగు చీటీ రాసి అంటించింది. రోజూ పొద్దున తొమ్మిదికి అందరూ నిలబడి, నిన్న ఏం చేశారో, ఈరోజు ఏం చేస్తారో, ఏది అడ్డం వస్తోందో చెప్పాలంది. మావి గుంట మగ్గాలు. మొదటి రోజు ముగ్గురు నేతగాళ్లు, అంటే గోనెగండ్ల నుంచి వచ్చే తమ్ముడు, పొడుగాయన, పొడుగాయన పెళ్లాం, గుంటల్లోనే లేచి నిలబడితే నడుముల దాకానే కనిపించారు. పొడుగాయన మాత్రం గుంటలో ఉండి కూడా పాపంత ఎత్తు ఉన్నాడు. రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టే కండెల పెద్దమ్మ కదల్లేదు. “నా మోకాళ్లకు ఈ సదువు వొద్దులే పాపా, నేను కూసోనే సెప్తా” అంది.

రెండు వారాలకొకసారి చేసిన పనిని కొనేవాళ్లకు చూపించాలని పాప అన్నప్పుడు మాత్రం నేను కలగజేసుకున్నాను. “అమావాస్య నాడు మేం మగ్గం ముట్టం. ఆ రోజు పెట్టమ్మా. పున్నమికి మొదలుపెడితే అమావాస్యకు నీ రెండు వారాలు అయిపోతాయి” అన్నాను. పాప మెచ్చుకుంది. నా తల రెండంగుళాలు పెరిగింది. “అయితే చిన్నాయనా, ముందు ఒక్క మగ్గం మీదే పడుగు నూలు ఎక్కిద్దాం. ఒక చీర కోసి చూపిద్దాం. తక్కినవి తర్వాత” అంది. “పడుగు అయిపోకుండా మగ్గం మీది బట్ట కోసేదేంది? మా ఇంటావంటా లేదు” అని గొణిగాను. ఆమె వినలేదు.

పున్నమి మర్నాడే ఆమెను కంపెనీ వాళ్లు బెంగుళూరుకు పిలిపించుకున్నారు. ఇక పొద్దున మీటింగు ఫోనులోనే.

“అందరూ నిలబడినారా?”

“నిలబడినామమ్మా” అనేవాళ్లం, కూర్చుని టీ తాగుతూ.

“ఏమన్నా అడ్డం ఉందా?”

“ఏం లేదమ్మా.”

అమావాస్య నాడు పాప వచ్చింది, సావుకారి వచ్చాడు, ఆదోని షాపాయన కూడా వచ్చాడు. కోసిన చీరను నేనే విప్పి పరిచాను. పసుపు చీర, మెరిసిపోయే గులాబీ అంచు.

షాపాయన గడియారం చూసుకున్నాడు. “నేను సెప్పింది ముదురాకుపచ్చ. ఈ గులాబీ ఎవరు సెప్పినారు?”

నూలుకు రంగులేసేది మా అక్క మొగుడు, రంగుల బావ. ఆయన వేలు నా మీదికి లేచింది. “మా బామ్మర్ది సీటీ సూపించినాడు.”

“సీటీలో అట్లే ఉండాది!” అని అరిచాను. పాప చీటీ పీకి చదివింది: ముదురు ఆకుపచ్చ అంచు. నేను ఓడేవాణ్నా? “రాత కాదు తల్లీ, కాయితం రంగు సూడు!” అన్నాను.

కాగితం గులాబీ రంగుది. మేకుకు పోగు కట్టినట్టే ఈ పాప కాగితం కట్టిందనుకున్నాను నేను. సావుకారి పత్తి బేళ్లు పెట్టడానికి కొలుస్తున్నట్టు గోడల వైపు చూశాడు. నేను జేబులో పెన్ను సర్దుకున్నాను.

“నీకు సదువు రాదా? నీకొస్తాదనే గదరా నేను నేర్సుకోల్యా!” అన్నాడు బావ.

అప్పుడు ఆ చీర నేసిన గోనెగండ్ల తమ్ముడు గుంట పక్కనుంచి నెమ్మదిగా అన్నాడు: “నేను సదివినానన్నా. తప్పని తెలుసు. మేస్త్రివి గదా, ఎదురు సెప్పేదెట్లని ఊరికుంటి.”

పాప తల పట్టుకుంది. “రోజూ నిలబడమన్నది ఇందుకే కదన్నా!”

“యాడ నిలబడినాం పాపా?” అంది కండెల పెద్దమ్మ.

ముందు నవ్వింది షాపాయనే. ఆ తర్వాత షెడ్డు షెడ్డంతా పగలబడి నవ్వింది. “ఒక్క మగ్గమేగా, మునిగిందేం లేదు. తక్కిన రెండింటి మీద ఆకుపచ్చ ఎక్కియ్యండి” అన్నాడాయన. గులాబీ అంచు చీరను కండెల పెద్దమ్మ అప్పటికే భుజాన వేసుకుని చూసుకుంటోంది. దాన్ని వెనక్కి అడిగే ధైర్యం సావుకారికి కూడా లేకపోయింది. మూడు మగ్గాలూ కళ్లు మూసుకుని ఒకేసారి ఎక్కించి ఉంటే ఈపాటికి నేను బేళ్లు లెక్కపెడుతుండేవాణ్ని.

ఆ రోజు నుంచి చీటీకి నూలుపోగు కూడా కట్టాం. పొద్దున నిజంగానే నిలబడ్డాం, నా తప్పులు నా ముఖం మీదే చెప్పడం అందరూ నేర్చుకున్నారు. (కొంచెం ఎక్కువగానే నేర్చుకున్నారు.) మీటింగయ్యాక గోనెగండ్ల తమ్ముడు ఆ అట్ట మీదే నాకు అక్షరాలు దిద్దించాడు. నేను మొదట చదివిన మాట ‘అయిపోయినవి’.

ఆ రోజు అక్కడున్నవాళ్ల పేర్లు ఇప్పుడు నా చేత్తో నేనే రాస్తున్నాను: బెంగుళూరు పాప, సావుకారి, ఆదోని షాపాయన, రంగుల బావ, గోనెగండ్ల తమ్ముడు, పొడుగాయన, పొడుగాయన పెళ్లాం, కండెల పెద్దమ్మ. ఇంకా, జేబులో ఇంకు లేని పెన్నుతో ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఒక మేస్త్రి.