ఎనభై నుంచి నూటపది దినాలు

ఆమె టైపింగులో తప్పు లేదు. ఈ మాట చింతామణి విత్తనాల అంగట్లో, యజమాని ముందు, ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. ఉచితంగా దొరికే ఒక సెర్చ్ ఇంజిన్ సాఫ్ట్‌వేర్‌తో ఆ అంగడికి విత్తనాలు వెతికే ప్రోగ్రాం రాశాను. యజమాని పాత నోటుపుస్తకంలో పంటకాలం ఒకచోట 95 అని, ఇంకోచోట 'మూణ్ణెల్లు' అని ఉండేది. రెండూ పట్టాలని దాన్ని టెక్స్ట్ ఫీల్డ్‌గా పెట్టాను. అంటే అందులో అంకె కూడా మాట కిందే లెక్క. పుస్తకమంతా ఎక్కించింది బాగేపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే ఆమె.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. పరగోడు రైతొకాయన వచ్చి, "ఎనభై నుంచి నూటపది దినాల్లో వచ్చే రాగి రకం ఏముండాదప్పా?" అన్నాడు. యజమాని 80, 110 అని కొట్టాడు. ఒక్కటీ రాలేదు. 80 నుంచి 95 అంటే వస్తాయి. 100 నుంచి 120 అన్నా వస్తాయి. ఇలా అడిగితే మాత్రం తెర ఖాళీ.

"ఏమప్పా, నీ కంప్యూటరు రాగిముద్ద తినదా?" అని రైతు నవ్వాడు. యజమాని నవ్వలేదు.

"ఆయమ్మ ఏం కొట్టిందో ఏమో. మళ్లా కొట్టించు."

మూడు రోజులు కూర్చుని ఆమె అంతా మళ్లీ కొట్టింది. ప్రోగ్రాం వెతికే పట్టిక, ఇండెక్స్, చెరిపి నేనూ మళ్లీ కట్టాను. అదే ఖాళీ తెర. "యాడ తప్పుండాదో చూపియ్యన్నా, దిద్దుతా," అంటుంది. చూపడానికేమీ దొరక్క ఆమె మీదే విసుక్కున్నాను.

నాలుగో రోజు దొరికింది. టెక్స్ట్ ఫీల్డ్‌లో అంకెలను సెర్చ్ ఇంజిన్ నిఘంటువులో మాటల్లా మొదటి అక్షరం నుంచి పోలుస్తుంది. ఒకటి ఎనిమిదికి ముందు కాబట్టి దానికి 110 కూడా 80కి ముందే. ఇక ఆ రెండింటి మధ్య ఏముంటుంది? నేను పరీక్షించినప్పుడు రెండంకెలవి వేరుగా, మూడంకెలవి వేరుగా చూసి సరిపెట్టుకున్నాను. నెలలను రోజుల్లోకి మార్చి, అన్నీ మూడంకెలయ్యేలా 80ని 080 చేశాను. రాగులన్నీ వచ్చాయి.

"చూస్తివా, మళ్లా కొట్టిస్తే వచ్చినాయి. ఆయమ్మ తప్పే," అన్నాడు యజమాని. "రేపట్నుంచి రావద్దని చెప్తా."

నేను తల వంచుకుని కీబోర్డు తుడుస్తూ ఉండిపోయాను. ఆమె పని పోయింది.

ఏళ్ల తర్వాత యజమానికి నిజం చెప్పి, మర్నాడు బాగేపల్లిలో ఆమె పెట్టుకున్న జెరాక్స్ అంగడికి వెళ్లాను.

"ఏమన్నా, చింతామణిలో జెరాక్స్ అంగళ్లు మూసేసినారా?"

"జెరాక్స్‌కు రాలేదమ్మా. ఆ పొద్దు తప్పు నాది. తెలిసీ నోరు మూసుకున్నా. నీ పని పోతాంటే చూస్తా నిలబడినా. నన్ను క్షమించమ్మా."