ఆ చెమట ఎండ వల్లే అనుకున్నాను

మా పద్మారావు నగర్ ఇడ్లీ బండి చట్నీలో పల్లీలు బాగా తగ్గాయి. అడిగితే బండాయన ఇంకో గరిటె పోస్తాడు, పల్లీలు మాత్రం వేయడు. ఆ మే నెల ఉదయం నడకకు ముందు తిన్నది ఆ చట్నీయే కాబట్టి, ఛాతీలో బరువుగా అనిపించినప్పుడు నేరం దాని మీదే మోపాను.

మేం నడిచేది నాలా పక్కన చెట్ల బాట మీద. ఒక వైపు కానుగ చెట్లు, ఇంకో వైపు సిటీ బస్సులు. మధ్యలో లాఫింగ్ క్లబ్బు, వాళ్లకో మైకు. ఎండెక్కితే సిమెంటు పెనంలా కాలుతుంది. నా చొక్కా తడిసి ముద్దయింది. అందరి చొక్కాలూ అలాగే ఉన్నాయి కనుక పట్టించుకోలేదు. కాసేపటికి ఎడమ చెయ్యి లాగింది. ముందు నడుస్తున్న పక్కింటి యాదగిరిని పిలిచాను. హారన్ల మోతలో అతనికి వినపడలేదు. క్లబ్బు వాళ్ల దాకా వెళ్లి, ఛాతీ పట్టుకుని వంగాను. ఒక పెద్దాయన నా వీపు తట్టి, "శభాష్, ఇంకా గట్టిగ నవ్వాలె" అన్నాడు. నేను కూలబడ్డాకే మైకు ఆగింది.

ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష, యాంజియోగ్రామ్, స్టెంట్. వరసగా అన్నీ అయ్యాయి. "చల్ల చెమట పడితే ఎండ అనుకోవద్దు సార్" అన్నాడు కార్డియాలజిస్టు. తర్వాత రోజూ నడవమన్నాడు.

నడవడమే కష్టమైంది. హారన్ మోగితే గుండె ఎగిరేది. ఎగిరినప్పుడల్లా రెండో అటాక్ వచ్చేసిందనుకుని బెంచీ వెతుక్కునేవాణ్ని. అందుకని ఒక తెలివైన ఉపాయం కనిపెట్టాను. మిట్టమధ్యాహ్నం క్లబ్బు ఉండదు, బస్సులు తక్కువ. నా భార్య సుజాత కునుకు తీస్తుండగా, ఫోను సైలెంట్‌లో పెట్టి వెళ్లాను. నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది. కోయిల కూత స్పష్టంగా వినపడింది. బెంచీ మీంచి లేచేసరికి కళ్లు బైర్లు కమ్మాయి.

బాట చివర కొబ్బరిబొండాలు అమ్మే ఆయన ఆటోలో వేసి ఆసుపత్రికి తెచ్చాడట. డీహైడ్రేషన్, పైగా బీపీ మాత్రలు. ఆ ఎండలో ఎందుకు నడిచారని డాక్టరు అడిగాడు. ప్రశాంతంగా ఉంటుందని అన్నాను.

"ఇంకో గంట అక్కడే పడుంటే పూర్తి ప్రశాంతమే ఉండేది" అన్నాడాయన, చార్టులోంచి తల ఎత్తకుండా. ఫోను నిండా సుజాత మిస్డ్ కాల్స్. ఆమె ఫోను లాక్కుని, సైలెంట్ తీసేసి, నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు తెల్లవారీ తెల్లవారకముందే, బస్సులు షురూ కాకముందే నడుస్తున్నాను. బాట చల్లగా ఉంటుంది. పాఠకులకు నేను చెప్పగలిగింది ఒక్కటే: చల్లగా, నిశ్శబ్దంగా ఉన్న వేళ చూసుకోండి గానీ, ఒంటరిగా వెళ్లకండి, ఫోను మూగ చేయకండి.

సుజాత నాతోనే వస్తోంది. నిన్న ఆకుల గలగల గురించీ, గాలి చల్లదనం గురించీ ఆమెకు ఉత్సాహంగా వివరిస్తున్నాను. ఆమె ఆగి నా వైపు చూసింది.

"జెర నోరు మూసుకోని నడువుండ్రి. మీ ఊపిరి ఇనబడ్తలేదు నాకు."